కట్టుకంబి

ఆ దీపావళికి నేను గుడియాత్తం పోకుండా ఉండాల్సింది. ఈ మాట మొదటే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత నేను అందరినీ తిడతాను. మా ఆయన్ని, మా అత్తను, ఇంటి ఓనరును, వాళ్ళ కొత్తల్లుణ్ణి, ఎవర్నీ వదలను. ముందు నా వంతు ఒప్పుకుంటే తిట్టడానికి నాకు కాస్త హక్కు ఉంటుంది.

మాది కట్టడం పని. మా ఆయన ధర్మలింగం మేస్త్రి. నేను ఆయన కింద సిమెంటు కలిపి మోసే మనిషిని. మా వాళ్ళంతా తమిళనాడులోని గుడియాత్తంలోనే ఉన్నారు. మేమిద్దరం మాత్రం ఎక్కడ ఇల్లు లేస్తే అక్కడ రేకుల షెడ్డు వేసుకుని, ఆ ఇంటికి కాపలా కూడా మేమే కాసి, గృహప్రవేశం అవగానే షెడ్డు విప్పుకుని ఇంకో చోటికి పోతాం. పన్నెండేళ్ళుగా ఇదే బతుకు. ఆ ఏడాది వేలూరులో, సత్తువాచారి కొండ కింద, ధనశేఖర్ అనే పాత్రల అంగడి ఆసామికి మేడ కడుతున్నాం.

మాతోపాటు జల్లి. జల్లి అంటే మా వైపు మాటల్లో కంకర. కే.వి.కుప్పంలో ఒక ఇల్లు కట్టేటప్పుడు కంకర కుప్ప మీద దొరికిన ఆడకుక్కపిల్ల. ఒళ్ళంతా తెలుపు, బూడిదరంగు చుక్కలు. కుప్ప మీద పడుకుంటే ఏది రాయో ఏది కుక్కో తెలిసేది కాదు. పేరు పెట్టింది మా ఆయన, అన్నం పెట్టేది నేను. పిలుపు మాత్రం ఆయనదే. సాయంత్రం పని దిగగానే తాపీ కడిగి, ఇనుప తట్ట అంచు మీద రెండుసార్లు టంగుటంగుమని కొట్టేవాడు. ఏ వీధి చివర ఉన్నా, ఎంత నిద్రలో ఉన్నా జల్లి చెవులు వెనక్కి పెట్టుకుని పరిగెత్తుకొచ్చేది.

"చూసినావా, నువ్వు గొంతు చించుకున్నా రాదు. నా తాపీకి వస్తాది" అని నన్ను ఉడికించేవాడు.

అంత చెవి దానిది. అంత చెవి ఉన్న ప్రాణికి దీపావళి ఏం చేస్తుందో మొదటి ఏడాదే తెలిసింది. వీధిలో మొదటి టపాసుల సరం పేలగానే గోడ దూకి పారిపోయింది. మూడో రోజు అరికాళ్ళు చీలిపోయి తిరిగొచ్చింది. అప్పటి నుంచి పండగకి నేను ఊరు పోవడం మానేశాను. దాన్ని కాపాడుకోవడం నాకు చేతికొచ్చిన పని అయింది. ముందు రోజు నాలుగింటికల్లా తిప్పుకొచ్చి, చీకటి పడక ముందే పెరుగన్నం పెట్టేసేదాన్ని. రేకు మీద పడ్డ చప్పుడు రెండింతలవుతుంది కాబట్టి గోనెసంచులు తడిపి కప్పేదాన్ని. మంచం చుట్టూ దుప్పట్లు వేలాడదీసి, కింద నా పాత చీర పరిచి, దాన్ని అందులో దూర్చి, నేను పైన పడుకుని ఒక చెయ్యి కిందికి వదిలేదాన్ని. ఫ్యానూ రేడియో రెండూ పెట్టేదాన్ని. సర్కారు టపాసులకి పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట అని టైము పెట్టిందంటారు. ఆ రెండు గంటలు ఏవో మా వీధికి ఎవరూ చెప్పినట్టు లేదు.

గొలుసు మాత్రం ఎన్నడూ వేయలేదు. బెదిరిన కుక్క పరిగెత్తాలని చూస్తుంది. కట్టేస్తే ఆ కట్టునే లాగి లాగి తన ప్రాణం తనే తీసుకుంటుంది. ఇది నాకు ఎవరూ నేర్పలేదు. కళ్ళున్న ఎవరికైనా తెలుస్తుంది.

ఆ ఏడాది అరవ నెల ఐప్పసి వానలు మొదలైన వారంలో మా అత్త మహాలక్ష్మి గుడియాత్తం నుంచి బస్సెక్కి వచ్చింది. షెడ్డులో కాలు పెట్టిందో లేదో మొదలుపెట్టింది.

"ఏమే సురేఖా, ఇంటికి పెద్దకోడలివి. ఐదేండ్లుగా నోముకు నీ చేత్తో ఒక అతిరసం వేసింది లేదు. మీ పెద్దకోడలు యాడ అని వీధంతా అడగతా ఉండారు."

"కుక్కను ఎవరికి అప్పగించి వచ్చేది అత్తా?"

"కుక్క! మొగుడి క్షేమానికి కట్టుకునే దారం కంటే కుక్క ఎక్కువైపాయనా నీకు?"

మా వాళ్ళకి దీపావళి అంటే టపాసుల కంటే ముందు నోము. అమావాస్య ఘడియలో కేదారేశ్వరుడికి కలశం పెట్టి, ఇరవయ్యొక్క అతిరసాలు, అంటే అరిసెలు, నైవేద్యం పెట్టి, మొగుడూ పెళ్ళాం పీటల మీద కూర్చుని చేతికి నోముదారం కట్టించుకోవాలి. కూర్చున్నాక దారం పడేదాకా లేవకూడదు. లేస్తే మొగుడికి కీడంటారు.

అత్త కొడుకు వైపు తిరిగింది. "ఏం రా ధర్మా, నువ్వేమంటావు?"

"సరేమ్మా" అన్నాడు.

మా ఆయన సంగతి ఇక్కడే చెప్పాలి. చెడ్డవాడు కాదు. తాగడు, చెయ్యెత్తడు. కానీ ఆ మనిషి నోట్లో ఎప్పుడూ ఒక సరే నాని ఉంటుంది. ఎవరు ఏది అడిగినా అది తీసి చేతిలో పెట్టేస్తాడు. ఎదురుగా ఉన్న మనిషి ముఖం మాడకపోతే చాలు, వెనకున్న మనిషి ఏమైపోయినా సరే.

రెండు రోజుల తర్వాత ఓనరు కారులో దిగాడు. లోపల పూత పని, హాల్లో టైల్స్ పని అయిపోయాయి. వాకిలికి ద్వారబంధం పెట్టాం గానీ తలుపు ఇంకా వడ్రంగి దగ్గరే ఉంది. మేడ మీద గదుల్లో టైల్స్ పెట్టెలు, కొళాయిలు, వైరు చుట్టలు కొత్తగా దిగాయి. ఓనరు అవన్నీ చూసుకుని కిందికొచ్చాడు.

"మేస్త్రీ, పండక్కి మీరు ఊరికి పోతే సరుక్కు దిక్కెవరు? పక్క వీధిలో పోయిన వారమే వైరు చుట్టలు ఎత్తుకోని పోయినారంట. మీ కుక్కను హాల్లో కట్టేసి పోండి."

నేను తట్ట దించాను. "కట్టకూడదు సార్. టపాసుల వెడి సద్దుకు అది తట్టుకోలేదు. మంచం కింద పెడితేనే ఉంటాది."

ఆయన నా వైపు చూడలేదు. నేను మాట్లాడినట్టే లేదు. "మంచం కింద దాక్కునే కుక్క నాకెందుకు మేస్త్రీ?" అని మా ఆయన్ని చూసి నవ్వాడు.

"సరే సార్" అన్నాడు మా ఆయన.

ఓనరు కారు మలుపు తిరిగాక అడిగాను. "మీ అమ్మకూ సరే, ఆయనకూ సరే. నాకేం చెప్తావు?"

"నువ్వు ముందు రోజే ఊరికి పో. నేను ఈడే ఉంటాను. షెడ్డులోనే పెడతా, నీ చీర పరుస్తా, పక్కనే కూర్చుంటా. పండగ దినం ఎనిమిదయితే సద్దంతా నిలిచిపోతాది. అప్పుడు బయలుదేరి నోముకు వచ్చేస్తా. సాయంత్రం మళ్ళీ మొదలయ్యేలోపల తిరిగొచ్చేస్తాను."

"షెడ్డులోనే కదా?"

"షెడ్డులోనే."

"కట్టవు కదా?"

"సరే, కట్టను."

లెక్క సరిగ్గానే ఉందనిపించింది. ఐదేళ్ళుగా అత్త చేత మాట పడి పడి నాకూ విసుగొచ్చింది. ఒక్కసారి పోయి ఆ అతిరసాలేవో వేసి ఆవిడ నోరు మూయిస్తే మళ్ళీ ఐదేళ్ళు అడగదనుకున్నాను. పోయేముందు జల్లి మెడకున్న బట్ట పట్టీ సరిచేసి, మంచం కింద నా చీర నేనే పరిచి పోయాను.

దీపావళి పొద్దున గుడియాత్తంలో ఒకటే వాన. వానను చూసి సంతోషించాను, టపాసులు తడుస్తాయని. పొయ్యి ముందు కూర్చుని అతిరసాలు వేస్తుంటే పదిన్నరకి మా ఆయన తడుస్తూ వచ్చాడు.

"జల్లి?" అన్నాను.

"నిమ్మళంగా ఉండాది."

"షెడ్డులోనేనా?"

అప్పుడు ఆయన వాకిట్లో కాళ్ళు కడుక్కుంటున్నాడు. చెంబుతో నీళ్ళు పోసుకుంటూ "ఊ" అన్నాడు. కాళ్ళు కడుక్కునే మనిషి ముఖం కనపడదు. నేను లేచి పోయి ఆ ముఖం చూసి ఉండాల్సింది. నూనెలో అతిరసం మాడుతుందని లేవలేదు.

పన్నెండు దాటాక కలశం ముందు ఇద్దరం పీటల మీద కూర్చున్నాం. అయ్యవారు మంత్రం మొదలుపెట్టాడు. నా ఫోను మోగింది. జెసింత. వేలూరులో మా షెడ్డు పక్క గోడ వాళ్ళది. ఆసుపత్రిలో ఆయాగా చేస్తుంది. ఐదు నెలల్లో మా దగ్గర సగం తెలుగు నేర్చుకుంది. పండగపూట ఊరికే ఫోన్ చేసే మనిషి కాదు. పీట మీదే ఎత్తాను.

"అక్కా, సీక్రం రాక్కా! మీ జల్లి హాల్లో కట్టి ఉండాది. ఓనరు కూతురికి తలదీపావళి అంట, కొత్తల్లుణ్ణి ఇల్లు చూపించేదానికి తోడుకోని వచ్చినారు. బయట వాన. వెడంతా పోర్టికోలో పెట్టి పేల్చతా ఉండారు. నేను గోడ మీంచి ఎంత అరిచినా పది నిమిషాలు, పది నిమిషాలు అంటా ఉండారక్కా!"

జెసింత గొంతు వెనకాల సరం పేలుతోంది. దాని సందుల్లో ఇంకో అరుపు వినబడింది. ఐదేళ్ళలో ఆ గొంతు అట్లా అరవడం నేను వినలేదు. పెళ్ళయ్యాక వచ్చే మొదటి దీపావళికి అల్లుడికి కొత్తబట్టలు పెడతారు, ఉంగరం పెడతారు. ఈ అల్లుడికి నా కుక్కను కూడా పెట్టారు.

పక్కకి తిరిగాను. "హాల్లో కట్టినావా?"

ఆయన కలశం వైపే చూస్తున్నాడు. "ఓనరు పొద్దన్నే ఫోన్ చేసినాడు. సరుకుండాది కదా అన్నాడు. సాయంత్రానికి వచ్చేస్తాను కదా అని..."

"దేంతో కట్టినావు? మన దగ్గర గొలుసే లేదు కదా?"

పంచె అంచు సర్దుకున్నాడు.

"దేంతో?"

"కట్టుకంబితో."

కట్టుకంబి అంటే కమ్మీలను ఒకదానికొకటి ముడేసే సన్న ఇనుప తీగ. మా పనివాళ్ళ ఇళ్ళల్లో అది లేని వస్తువు ఉండదు. బక్కెట్టు పిడి ఊడితే కట్టుకంబి, చెప్పు తెగితే కట్టుకంబి, మంచం కోడు కదిలితే కట్టుకంబి. పెళ్ళికి పుట్టింటివాళ్ళిచ్చిన నా సూట్‌కేసుకి కూడా తాళం బదులు అదే. రెండు మెలికలు తిప్పితే ఎంత బరువైనా ఆగుతుంది, తెగదు. లాగేకొద్దీ బిగుస్తుంది. ఇరవై ఏళ్ళుగా దాన్ని మెలితిప్పి చేతివేళ్ళు కోసుకున్న మనిషి, దాన్ని తీసుకుపోయి కుక్క మెడ పట్టీకి కట్టాడు.

నేను లేవబోయాను. మా అత్త వెనకనుంచి రెండు భుజాలూ పట్టి నొక్కింది. "లేచినావంటే నా కొడుక్కి కీడు. ఇంకెంతసేపే, దారం పడనీ."

కూర్చున్నాను. ముందే ఒప్పుకున్న నా వంతు ఇదే. ఎవరి క్షేమానికి కూర్చున్నానో ఆ మనిషి నా పక్కనే, తలొంచుకుని, చేతులు జోడించి ఉన్నాడు. ఆ జోడించిన చేతుల మీద ఉమ్మేయాలనిపించింది. ఇరవై నిమిషాలో అరగంటో, అయ్యవారి నోట ఒక్క మాట కూడా నా చెవిలో పడలేదు. దారం పడింది. లేచి, అక్షింతలు దులుపుకుని, చెప్పులేసుకుని వీధిలోకి నడిచాను.

వెనకాలే ఆయన వస్తున్నాడు. మా అత్త గడప దగ్గర ఆపింది. "దారం కట్టుకోని ఎంగిలి పడకుండా గడప దాటకూడదు రా. రెండు ముద్దలు తినేసి పో."

"సరేమ్మా" అనడం వినబడింది. నేను వెనక్కి చూడలేదు.

పండగనాడు బస్సులు తక్కువ. షేర్ ఆటోలో కే.వి.కుప్పం దాకా పోయి, అక్కడ అరగంట నిలబడి బస్సు పట్టుకున్నాను. దారి పొడవునా సరాలు, పొగ. జెసింతకి ఫోన్ చేస్తే, వాళ్ళు గేటుకి తాళం వేసుకుని వెళ్ళిపోయారని, గోడ ఎక్కడం తనవల్ల కాలేదని, లోపలినుంచి ఇప్పుడు ఏ చప్పుడూ రావడం లేదని చెప్పింది.

మూడున్నరకి చేరాను. జెసింత వాళ్ళ గోడ ఎక్కి లోపలికి దూకాను. పోర్టికో నుంచి హాలు సగం దాకా తడిసిన ఎర్ర కాగితాల కుప్ప. మందు వాసనకి కళ్ళు మండాయి. అది ఒట్టి హాలు. సామాను లేదు, కిటికీలకి రెక్కలు లేవు, నున్నటి టైల్సు, నున్నటి గోడలు. అందులో తుమ్మితే మూడుసార్లు వినబడేది. మేం అది చెప్పుకుని నవ్వుకునేవాళ్ళం కూడా. ఆ హాలు వాకిట్లో పదివేల టపాసుల సరం కాల్చారు. ఎన్ని కాల్చారో ఎర్ర కాగితాలే చెబుతున్నాయి.

జల్లి మెట్ల కింద మూలలో ఉంది. నన్ను చూసి లేవలేదు, తోక కూడా కదపలేదు. తన మూత్రంలోనే పడుకుని ఉంది. తీగ చుట్టూ తిరిగి తిరిగి మెడకొకటి, ముందుకాలి చంకకొకటి ఉచ్చు పడింది. చంక కింద చర్మం తెరుచుకుని లోపలి ఎరుపు కనిపిస్తోంది. గోళ్ళు విరిగి ఉన్నాయి. పక్కగోడ మీద, నా మోకాలి ఎత్తు నుంచి నడుము ఎత్తు దాకా గీతలు, కొత్త పూతలో లోతుగా. గోడలోంచి బయటికి పోవాలని చూసింది.

షెడ్డులోంచి కటింగ్ ప్లేయరు తెచ్చి తీగను మూడు చోట్ల కత్తిరించాను. నా చేతి నోముదారం రక్తంలో తడిసిపోయింది. అదే ప్లేయరుతో దాన్ని కూడా కత్తిరించి పారేశాను. మొగుడికి కీడైతే కానీ అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

జెసింత తాళం పగలగొట్టి వచ్చి, గాయం కడిగి కట్టు కట్టింది. కడుగుతూ ఏడ్చింది. "ఆ కొత్తల్లుడు ఫోన్లో వీడియో తీసుకున్నాడక్కా. డాన్స్ ఆడతా ఉండాది చూడు అని పెండ్లానికి చూపించినాడు."

సాయంత్రం ఆరింటికి మా ఆయన వచ్చి షెడ్డు వాకిట్లో నిలబడ్డాడు. చేతిలో అతిరసాల డబ్బా ఉంది. నేను మంచం కింద, జల్లి పక్కన పడుకుని ఉన్నాను. ఊరంతా మళ్ళీ మొదలైంది.

"సురేఖా" అన్నాడు.

"ఒక్క మాటన్నావంటే ఈ ప్లేయరుతోనే కొడతా" అన్నాను.

ఆ తర్వాత మూడు వారాలు ఆయనతో నేను మాట్లాడలేదు. మరుసటి రోజు పశువుల ఆసుపత్రికి నేనే మోసుకుపోయాను. పదకొండు కుట్లు వేసి బతుకుతుందని చెప్పారు. పనికి పోయాను, సిమెంటు కలిపాను, తట్ట అందించాను, వండిపెట్టాను. మాట మాత్రం ఇవ్వలేదు. ఓనరు వచ్చి చూసుకుని, "అయ్యో, గోడంతా గీకేసిందే. పుట్టీ మళ్ళీ పెట్టించు మేస్త్రీ" అన్నాడు. మా ఆయన సరే సార్ అన్నాడు. గీతల మీద పుట్టీ పెట్టి, ఎండాక రుద్ది, మళ్ళీ పెట్టాడు. ఎప్పుడూ లేనిది ఆ ఒక్క మూల పనికి ఒక పూట పట్టింది. అప్పుడు కూడా నాకు జాలి కలగలేదు. గీతలు అట్లాగే ఉండి, వాళ్ళు రోజూ వాటిని చూస్తూ ఆ ఇంట్లో అన్నం తినాలని కోరుకున్నాను.

జల్లి కుంటుతూ లేచి తిరగడం మొదలుపెట్టింది. సాయంత్రం ఆయన తాపీ కడిగి, భయంభయంగా, ఇనుప తట్ట మీద టంగుటంగుమని కొట్టేవాడు. ఇసుక కుప్ప దగ్గర అటు తిరిగి పడుకున్న జల్లి ఈ వైపు తల తిప్పేది కాదు. మళ్ళీ కొట్టేవాడు. ఊహూ. తట్ట పట్టుకుని అట్లాగే నిలబడిపోయేవాడు.

అది చూసి నాకు ఎంత సంతోషమో చెప్పలేను. కడుపు చల్లబడేది. బాగా అయింది నీకు అనుకునేదాన్ని. నాకు తోడు ఇంకో ప్రాణి నీ మీద కోపంగా ఉంది, నువ్వు జన్మంతా తట్ట వాయించుకున్నా రాదు అనుకునేదాన్ని. అన్నం పెట్టేటప్పుడు దాని తల నిమిరి, "అట్లే ఉండు, పోవద్దు" అని చెప్పేదాన్ని కూడా.

అరవ లెక్కలో కార్తీక మాసం వచ్చింది. ఒక మధ్యాహ్నం జల్లి షెడ్డు నీడలో గోనెసంచుల కుప్ప మీద పడుకుని ఉంటే వెనకనుంచి కంచం పట్టుకుపోతూ పిలిచాను. తిరగలేదు. మళ్ళీ పిలిచాను. తిరగలేదు. నా మీదేం కోపం దీనికి అనుకుంటూ ఇంకో అడుగు వేశాను. కాలికి కమ్మీ ముక్క తగిలి కంచం చేయిజారింది. సిమెంటు నేల మీద స్టీలు కంచం పడి గిరగిరా తిరిగి మోగి ఆగింది. మేడ మీద పనిచేస్తున్న ఎలక్ట్రీషియన్ తొంగి చూశాడు. రెండడుగుల దూరంలో ఉన్న జల్లి చెవి కూడా కదపలేదు.

అక్కడే కూలబడ్డాను. పరంజా మీద ప్రహరీగోడకి పూత పెడుతున్న మా ఆయన దిగొచ్చాడు. కొంచెం దూరంలో నిలబడ్డాడు.

"నాకు తెలుసు" అన్నాడు.

మూడు వారాల తర్వాత ఆయనతో నేనన్న మొదటి మాట, "ఎప్పటి నుంచి?"

"పది దినాలయింది. కోపమేమో అనే అనుకున్నాను నేను కూడా. ఒక దినం దాని వెనకాల కూర్చోని తట్ట చేత్తో ఎత్తి పట్టుకోని వాయించి చూసినాను. తాపీతో కొట్టినాను, సుత్తితో కొట్టినాను. ఏమీ లేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు యాడ మాట్లాడనిచ్చినావు?"

టైల్స్ పరిచాక మా ఆయన నేల మీద వంగి, తాపీ పిడితో ఒక్కొక్క టైలూ తట్టుకుంటూ పోతాడు. కింద సిమెంటు సరిగ్గా పట్టని చోట బోలు శబ్దం వస్తుంది. వెయ్యి టైల్సులో ఒక్కటి బోలుగా ఉన్నా ఆ చెవికి తెలిసిపోతుంది. వేలూరులో ఆయనకి పేరొచ్చింది ఆ చెవి వల్లే. అంత చెవి పెట్టుకుని, ఒట్టి హాల్లో సరం ఎట్లా మోగుతుందో ఆలోచించలేదు. తొమ్మిదంగుళాల గోడ ఉంది కదా అనుకున్నాడట. ఈ మాట కూడా అప్పుడే చెప్పాడు. గోడ కట్టేవాడు గోడను నమ్మాడు.

నాకు ఇంకొకటి కూడా అర్థమయింది. దానికే ఎక్కువ ఏడ్చాను. జల్లికి ఆయన మీద కోపం లేదు. ఎన్నడూ లేదు. తట్ట మోత వినబడి ఉంటే మొదటి రోజే కుంటుకుంటూ పోయి ఆయన కాళ్ళ దగ్గర పడుకునేది. ఇన్నాళ్ళూ కోపం నా ఒక్కదానిదే. దాని వంతు కోపం కూడా నేనే పడాలన్నమాట. సరే, పడతాను అనుకున్నాను.

గృహప్రవేశం కార్తీక దీపానికి ముందు వచ్చిన ముహూర్తంలో పెట్టుకున్నారు. తెల్లవారేసరికి పూలు, అరటిచెట్లు, షామియానా. మా షెడ్డు సగం విప్పేశాం, మూటలు కట్టేశాం. కొన్నాళ్ళుగా జల్లి ఎండ పడే చోటే వెతుక్కుంటోంది. ఆ పొద్దున గేటు పక్కన మిగిలిన ఇసుక మీద ముడుచుకుని పడుకుంది.

ఓనరు పట్టుపంచెలో హడావిడిగా వచ్చాడు. "మేస్త్రీ, జనం వచ్చే వేళయింది. ఆ కుక్కను ఎనకపక్క యాడన్నా కట్టు."

మా ఆయన ద్వారబంధానికి పసుపు రాస్తున్నాడు. చేతులాగాయి.

"కట్టను సార్."

"ఏందీ?"

"కట్టను."

పన్నెండేళ్ళలో ఆ నోట ఆ మాట నేను వినలేదు. గొంతు కూడా పెంచలేదు. నాకు సంతోషం కలగాలి, కలగలేదు. ఒంట్లో రక్తమంతా తలకెక్కింది. అనడానికి ఇంత సులువైన మాట! నెల ముందు ఫోన్‌లో ఈ మాటే అనడానికి ఏమడ్డమొచ్చింది నీకు?

ఓనరు ఏదో అనబోయి, అయ్యవారు పిలిస్తే పోయాడు. ఆవు లోపలికి పోయింది. పాలు పొంగాయి. కొత్తల్లుడు గేటు ముందు సరం పరిచి ముట్టించాడు. ఆడవాళ్ళు చెవులు మూసుకున్నారు, పసిబిడ్డలు కెవ్వుమన్నారు. సరానికి పదడుగుల దూరంలో జల్లి పడుకునే ఉంది. నిప్పురవ్వలు ఇసుక మీద పడుతున్నాయి. తోక ముక్కు మీద వేసుకుని, ఎండకి కళ్ళు మూసుకుని, హాయిగా ఊపిరి తీస్తోంది.

"ఎంత బుద్ధిగా పండుకోనుండాదో చూడు" అంది చుట్టాల్లో ఒకావిడ.

ఓనరు నవ్వాడు. "దీపావళికి ఇల్లంతా గీకి పారేసింది. ఇప్పుడు చూడండి. రెండుసార్లు వినిపిస్తే ఏదైనా అలవాటైపోతాది."

"అలవాటు కాలేదు సార్" అన్నాను. నేను గట్టిగానే అన్నాను. సరం అప్పుడే ఆగింది కాబట్టి అందరికీ వినబడింది. "చెవుడొచ్చింది. మీ హాల్లోనే వచ్చింది. మీ అల్లుడి ఫోన్లో ఉంటాది చూసుకోండి."

ఓనరు కూతురు మొగుడి ముఖం చూసింది. అల్లుడు ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఓనరు నాకు సర్దిచెబుతున్నట్టు అన్నాడు. "పోనీలేమ్మా. ఇంక మీదట దానికి బాధ లేదు కదా."

నిజమే, బాధ లేదు. ఇంక ఏ పండగా దాన్ని బెదిరించదు. గోనెసంచులు తడపక్కర్లేదు, చీర పరచక్కర్లేదు. వచ్చే దీపావళికి నేను నిశ్చింతగా గుడియాత్తం పోయి అతిరసాలు వేయొచ్చు. ఇంత మంచి ఉపాయం ఇన్నేళ్ళూ నాకే తోచలేదు.

తర్వాత మేస్త్రి మర్యాదకి పిలిచారు. ఇల్లు కట్టిన మేస్త్రికి పంచె, అతని పెళ్ళానికి చీర, తాంబూలం పళ్ళెంలో పెట్టి ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి ఇస్తారు. నాకు ఆ ఘడియంటే ఇష్టం. ప్రతి ఇంటికీ పోయి నిలబడ్డాను. ఈసారి పిలుస్తుంటే పోయి ఇసుక మీద జల్లి పక్కన కూర్చున్నాను. "ఆయమ్మ యాడ మేస్త్రీ?" అని ఎవరో అడిగారు. "రాదు" అన్నాడు. ఒక్కడే నిలబడి పంచె మాత్రం తీసుకున్నాడు. చీర పళ్ళెంలోనే వదిలేశాడు.

కాసేపటికి నా వెనక, కొంచెం దూరంలో, ఆయన వచ్చి కూర్చున్న అలికిడయింది. జల్లికి వెనకనుంచి ఎవరొచ్చినా తెలియదు, తాకితే ఉలిక్కిపడి వణుకుతుంది. అందుకని దగ్గరికి రాలేదు. ఇసుక పక్కన సిమెంటు నేల మీద తాపీ పిడితో రెండుసార్లు, టైల్సు తట్టినట్టు, గట్టిగా తట్టాడు.

జల్లి కళ్ళు తెరిచింది. మళ్ళీ తట్టాడు. అది తలెత్తి, పొట్ట కింద నేలను ఏదో అడుగుతున్నట్టు ఒక్క క్షణం ఆగి, లేచి, కుంటుకుంటూ ఆయన దగ్గరికి పోయింది.

ఆ తట్టడం నేల గుండా నా కాళ్ళకి కూడా తెలిసింది. ఇంకోసారి తట్టాడు. జల్లి అప్పటికే ఆయన దగ్గరుంది కాబట్టి అది నాకే.

నేను తిరగలేదు.